1,034 పెళ్ళిళ్ళు, 840 గజాల చిలప

1880ల చివర విజయనగరం సంస్థానంలో ఒక జాబితా తయారైంది. అప్పటి విశాఖపట్నం జిల్లాలోని సామాన్య బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు పుచ్చుకుని ఆడపిల్లకు పెళ్ళి చేసిన ఉదంతాలన్నీ మహారాజా ఆనంద గజపతి రాయించారు. మూడేళ్ళ లెక్కకు 1,034 పెళ్ళిళ్ళు తేలాయి, సగటున ఏడాదికి 344. పెళ్ళికూతుళ్ళలో అయిదేళ్ళవాళ్ళు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు. ఏడాది వయసువాళ్ళు ముగ్గురు. ఆ ముగ్గురి వెల ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు.

ఈ అంకెలు మన దాకా వచ్చింది ఏ సర్కారు నివేదికలోనో కాదు. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ నాటకం మొదటి కూర్పుకు గురజాడ అప్పారావు ఇంగ్లిషులో రాసిన పీఠికలో ఉన్నాయి.

కాసేపు లెక్క చేద్దాం. అయిదేళ్ళూ అంతకంటే చిన్నపిల్లలూ కలిపి 188 మంది. 1,034ను 94 పెట్టి భాగిస్తే సరిగ్గా 11 వస్తుంది. 188ని అదే 94 పెట్టి భాగిస్తే 2. అంటే ప్రతి 11 పెళ్ళిళ్ళలో 2 పెళ్ళిళ్ళకు పెళ్ళికూతురి వయసు అయిదేళ్ళు దాటలేదు. ‘పద్దెనిమిది శాతం’ అని రాస్తే కన్ను ఆగకుండా దాటిపోతుంది. ‘పదకొండు పందిళ్ళు వేస్తే రెండింట్లో పీటల మీద కూర్చున్నది పాలపళ్ళ పిల్ల’ అంటే ఆగుతుంది. రెండూ ఒకటే లెక్క. మారింది అంకెను ఏ రూపంలో చేతికిచ్చామన్నదే.

గురజాడ ఆ పీఠికలో ఇంకో పని కూడా చేశారు. ఈ జాబితా సంపూర్ణం కాదనీ, కచ్చితమైనదీ కాదనీ, సొమ్ము తీసుకున్నవాళ్ళు తీసుకున్నామని ఒప్పుకోరు కదా అనీ అంకె పక్కనే చెప్పేశారు. ఈ రోజుల్లో ఏ పత్రికా ప్రకటన చూసినా ఇలాంటి వాక్యం కనపడదు. తన అంకెలోని లోపం తనే ముందు చెప్పుకున్నవాడి మిగతా మాటలు నమ్మబుద్ధవుతుంది. ప్రజాసంబంధాల పాఠ్యపుస్తకాలు చాలా పేజీలు ఖర్చుపెట్టి చెప్పే సంగతి ఇది.

అసలు విశేషం వేరే ఉంది. ఆ 1,034 నాటకంలో ఎక్కడా లేదు. 1892 ఆగస్టు 13న విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభవారు నాటకాన్ని మొదటిసారి ఆడినప్పుడు జనం చూసింది అగ్నిహోత్రావధాన్లనీ, లుబ్ధావధాన్లనీ, గిరీశాన్నీ, మధురవాణినీ. అంకెలు అచ్చులో వచ్చింది అయిదేళ్ళ తరవాత. చూసినవాళ్ళకు ముందు మనుషులు దొరికారు, చదివినవాళ్ళకు ఆ తరవాత లెక్క దొరికింది. సంస్థానం కొలువులో ఉండి సంఘసంస్కరణ అనే వ్యవహారాన్ని జనంలోకి తీసుకెళ్ళవలసిన మనిషి, రెండు సరుకుల్ని రెండు గదుల్లో పెట్టాడన్నమాట. కథ రంగం మీద, లెక్క పీఠికలో. పీఠిక మహారాజా వంటి చదువరికి, నాటకం టిక్కెట్టు కొనుక్కున్నవాడికి.

ఇలా విడదీయడం ఎందుకు మంచిదో నూటపది ఏళ్ళ తరవాత అమెరికాలో ఒక ప్రయోగం చూపించింది. డెబొరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టీన్, పాల్ స్లోవిక్ 2007లో దాన్ని ప్రచురించారు. ఒక చిన్న సర్వే పూర్తిచేసినవాళ్ళకు అయిదు డాలర్లిచ్చి, అందులో ఎంత దానం చేస్తారో చూశారు. మాలీ దేశంలోని రోకియా అనే ఏడేళ్ళ పిల్ల గురించి మాత్రమే చదివినవాళ్ళు సగటున 2.38 డాలర్లు ఇచ్చారు. ఆఫ్రికాలో ఆకలితో ఉన్న లక్షల మంది గణాంకాలు మాత్రమే చదివినవాళ్ళు 1.14 ఇచ్చారు. పిల్ల కథా గణాంకాలూ కలిపి చదివినవాళ్ళు ఇచ్చింది 1.43. మొదటి అంకెతో పోలిస్తే 40 శాతం తగ్గింది. కథకు లెక్క తోడైతే బలం పెరగాలని మనం అనుకుంటాం. ఇక్కడ కథ కరిగించిన చెయ్యిని లెక్క మళ్ళీ బిగించేసింది.

అలాగని లెక్కను దాచేయమని ఎవరైనా అర్థం చేసుకుంటే తప్పే. ప్రయోగం దానం గురించి. బ్యాంకు మేనేజరు దానం చెయ్యడు, అప్పిస్తాడు. అతనికి కథ ముందు చెబితే ‘సరే, బ్యాలెన్స్ షీటు ఎక్కడ’ అంటాడు. చీర కొనే మనిషికి బ్యాలెన్స్ షీటు ముందు పెడితే పక్క కొట్టుకు పోతుంది. ఏది ముందు, ఏది తరవాత అన్నది ఎదురుగా కూర్చున్న మనిషిని బట్టి తేలే విషయం.

వ్యాపారాలు, సంఘాలు, సర్కారు శాఖలు తమ గురించి చెప్పుకునేటప్పుడు కథను ఎలా వాడాలని ఇప్పుడు కార్పొరేట్ శిక్షణ శిబిరాలు నడుస్తున్నాయి. నాయకుడు, చిక్కు, మలుపు, ముగింపు అని స్లైడ్ల మీద బాణాలు గీసి చూపిస్తారు. ఉత్తరాంధ్రలో ఆ స్లైడ్లకు ముందే జముకుల కథ ఉంది, బుర్రకథ ఉంది. బుర్రకథ లెక్క మూడు: నడుమ తంబురాతో కథకుడు, చెరోపక్కా ఒక్కో వంత. వంతల్లో ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. ‘తందాన తాన’ అనడమే వంతల పని అని పైకి అనిపిస్తుంది. నిజానికి వాళ్ళ ముఖ్యమైన పని అడ్డుపడటం. కథకుడు వీరుణ్ణి ఆకాశానికెత్తుతుంటే, కూర్చున్న జనంలో ఎవరికి ఏ సందేహం వస్తుందో దాన్ని హాస్యగాడు ముందే అడిగేస్తాడు. కథకుడు జవాబు చెప్పాలి. జవాబు చెప్పలేకపోతే జనం నవ్వేస్తారు.

1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఈ మూడు లెక్కను పట్టుకునే రాజకీయ ప్రచారం చేసింది. ఆ వేదిక మీద పేరు తెచ్చుకున్న బుర్రకథకుడు నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది. కేంద్ర ప్రభుత్వం 1954లో సాంగ్ అండ్ డ్రామా డివిజన్ అని ఏకంగా ఒక విభాగమే పెట్టింది. కుటుంబ నియంత్రణ మొదలు పొదుపు దాకా బుర్రకథలోకి ఎక్కని పథకం లేదు. చాలా పథకాల కథలు మాత్రం విసుగు పుట్టించాయి. హాస్యగాడి చేత నిజమైన ప్రశ్న అడిగించడానికి శాఖవారికి ధైర్యం చాలలేదు. ‘ఆపరేషన్ చేయించుకుంటే నడుం పడిపోతుందంట కదా’ అని ఊళ్ళో అందరూ అనుకునే మాటను వేదిక మీద అననివ్వకుండా, ‘ఆహా ఎంత మంచి పథకం’ అనిపించారు. వంతను భజనపరుడిగా మార్చాక మిగిలేది ప్రకటనే, కథ కాదు.

ఇవాళ్టి కంపెనీ ప్రకటనల జబ్బూ ఇదే. పరిశ్రమ వస్తోందంటే ఉద్యోగాల అంకె ఉంటుంది, పెట్టుబడి అంకె ఉంటుంది. ఊరివాళ్ళు టీ కొట్టు దగ్గర అడుగుతున్న ‘నీళ్ళెక్కడివి, పొగ ఎటు పోతుంది’ అన్న ప్రశ్న ఉండదు. ప్రశ్న ప్రకటనలో లేనంత మాత్రాన ఊళ్ళో లేకుండా పోదు. జవాబు ఒకటే ఊళ్ళో లేకుండా పోతుంది.

కథకు ఎంత ఆయుష్షుంటుందో తెలియాలంటే బొబ్బిలి చూడాలి. 1757 జనవరి 24న యుద్ధం. ప్లాసీ యుద్ధానికి దాదాపు అయిదు నెలల ముందు. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం పూసపాటి విజయరామరాజు బలగం ఒకవైపు, బొబ్బిలి కోట ఒకవైపు. కోట ఒక్క రోజులో పడిపోయింది. లెక్క ప్రకారం గెలిచినవాళ్ళు విజయనగరంవాళ్ళు. కొద్ది రోజులకే తాండ్ర పాపారాయుడి చేతిలో విజయరామరాజు గుడారంలోనే హతుడయ్యాడనుకోండి, అయినా కోట పోయింది పోయినట్టే. మరి రెండు శతాబ్దాలుగా ఊళ్ళలో పాడుతున్నది ఎవరి కథ? ఓడినవాళ్ళ కథ. 1964లో ‘బొబ్బిలి యుద్ధం’ సినిమా, 1986లో ‘తాండ్ర పాపారాయుడు’ సినిమా. గెలిచినవాడి పేరు మీద సినిమా రాలేదు. విజయనగరం పెద్ద సంస్థానం, సంగీతానికీ సాహిత్యానికీ నెలవు, జమీందారీ ఆదాయంలో బొబ్బిలికి అందనంత ఎత్తు. కథలో మాత్రం అది ప్రతినాయకుడి ఊరు. డబ్బున్నంత మాత్రాన కథ మనవైపు ఉండదు. ఈ సంగతి గ్రహించని పెద్ద కంపెనీలు ప్రతి జిల్లాలోనూ ఉన్నాయి.

(ఆ పేరే ఇప్పుడు బొబ్బిలి వీణకు అచ్చొచ్చింది. భౌగోళిక గుర్తింపు ఉన్న ఈ వాద్యానికి ఒకే పనస దుంగ, 24 మెట్లు, 7 తీగలు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో చేస్తారు. బహుమతిగా కొనుక్కుపోయే చిన్న నమూనా వీణల అమ్మకంలో సగం పని ఆ యుద్ధం చేసిపెడుతుందని నా అనుమానం.)

ఇక సరుకు దగ్గరికి వద్దాం. ఇక్కడ అంకెలు ఊరికే అందంగా ఉంటాయి, వాటిని చెప్పేవాళ్ళే తక్కువ.

పలాస, కాశీబుగ్గ జీడిపప్పు దుకాణంలో డబ్బా మీద డబ్ల్యూ 180, డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని ఉంటుంది. డబ్ల్యూ అంటే విరగని గుండు పప్పు. అంకె దేనికి? ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, తూగే పప్పుల సంఖ్య. 320 రకంలో పౌనుకు 300 నుంచి 320 పప్పులు, 180 రకంలో 170 నుంచి 180. గ్రాముల్లోకి మారిస్తే 320 రకం పప్పు ఒక్కొక్కటి దాదాపు 1.4 గ్రాములు, 180 రకం దాదాపు 2.5 గ్రాములు. అంకె పెరుగుతున్నకొద్దీ పప్పు చిన్నదవుతుంది, ధర తగ్గుతుంది. తెలియని కొనుగోలుదారు 320 పెద్దదనుకుని, 180కి ఎక్కువ ధర ఎందుకని పేచీ పెట్టుకుంటాడు. ‘కిలోకి ఇవి ఏడువందల పప్పులు, అవి నాలుగువందలకు లోపే’ అని ఒక్క మాట డబ్బా మీద ఉంటే పేచీ ఉండదు. ఏ డబ్బా మీదా ఆ మాట నాకు కనపడలేదు. ‘నాణ్యతకు మారుపేరు’ అని మాత్రం అందరూ రాసుకుంటారు.

నూలు దగ్గర అంకె ఎదురు తిరుగుతుంది. అదే పౌను, కానీ అంకె పెరిగితే నూలు సన్నబడుతుంది, ధర పెరుగుతుంది. పాత ఇంగ్లిషు లెక్కలో చిలప, అంటే ఒక నూలు చుట్ట, పొడవు 840 గజాలు. పౌను తూకానికి ఎన్ని చిలపలు కావాలో అదే నూలు నంబరు. వంద నంబరు నూలంటే పౌనుకు వంద చిలపలు, 84,000 గజాలు, దాదాపు 77 కిలోమీటర్లు. కిలోకి లెక్కేస్తే 169 కిలోమీటర్లు. ఇచ్ఛాపురంలో ఒక కొస పట్టుకుని జాతీయ రహదారి వెంట నడిస్తే శ్రీకాకుళం దాటాక కూడా మిగిలే దారం. దాన్నంతా ఒక మనిషి రాట్నం ముందు కూర్చుని చేత్తో తీస్తుంది.

శ్రీకాకుళం జిల్లా పొందూరు పేరు పొందింది ఈ సన్నఖాదీతోనే, వంద నంబరూ ఆ పైనా. అక్కడి ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం 1949లో ఏర్పడింది. పొందూరు గురించి పత్రికల్లో వచ్చే కథనాలు చాలావరకు ఒకేలా మొదలవుతాయి. గాంధీజీ ఈ బట్టను మెచ్చుకున్నారనీ, చూసి రమ్మని కొడుకు దేవదాస్‌ను పంపారనీ మొదటి పేరా. అక్కినేని నాగేశ్వరరావు పొందూరు పంచెలే కట్టేవారని రెండో పేరా. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతారని మూడో పేరా. అన్నీ వాస్తవంగా చెప్పుకునేవే. అయితే మొదటి రెండూ అరువు తెచ్చుకున్న ప్రతిష్ఠ. మూడోది ఉత్త వింతగా ఆగిపోతుంది. ఆ దవడకున్న సన్నని పళ్ళు గింజ మీది పత్తిపీచును ఒక దిక్కుకు సాపు చేస్తాయనీ, చెత్త రాలగొడతాయనీ, పీచు అలా తిన్నగా ఉంటేనే అంత సన్నని నూలు తెగకుండా వస్తుందనీ చెబితే, వింత కాస్తా కారణమవుతుంది. అప్పుడు 169 కిలోమీటర్లకూ చేప ఎముకకూ సంబంధం కుదురుతుంది. చిలప పొడవు తెలియని పాఠకుడికి ‘వంద కౌంటు’ అని ఎన్నిసార్లు చెప్పినా మంత్రంలా వినపడుతుందే తప్ప అర్థం కాదు.

ఇక్కడొక జాగ్రత్త అవసరం. ఖాదీ రంగంలో మెట్రిక్ నంబరు కూడా వాడతారు. అందులో వెయ్యి మీటర్ల చిలప, కిలో తూకం. ఆ లెక్కన వంద నంబరంటే కిలోకి వంద కిలోమీటర్లే. శ్రీకాకుళంలో మొదలుపెడితే విశాఖ నడిబొడ్డు దాకా రాదు. ఒకటే ‘వంద’, రెండు పొడవులు, మధ్యలో 69 కిలోమీటర్ల తేడా. ఏ లెక్కలో వందో చెప్పకుండా కథ అల్లితే, తెలిసిన మనిషి ఒక్కడు చాలు దాన్ని విప్పెయ్యడానికి. గొప్పగా వినపడే అంకెను ఎంచుకోవాలన్న ఆశ కథలు చెప్పేవాళ్ళందరికీ ఉంటుంది. కొలత పేరు పక్కన రాయడం ఒక్కటే దానికి కట్టు.

కోట్ల అంకెలది మరో రకం బాధ. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు బాధిత ప్రాంతానికి హిరమండలం జలాశయం నుంచి నీళ్ళు తెచ్చే పథకాన్నీ, పలాసలో 200 పడకల ఆసుపత్రినీ 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. నీటి పథకానికి సర్కారు చెప్పిన లెక్క 700 కోట్ల రూపాయలు, ఏడు మండలాలు, 807 గ్రామాలు, 6.78 లక్షల జనం. ఏడువందల కోట్లు ఎంత పెద్దవో కవిటి సంతలో కొబ్బరికాయలమ్మే మనిషికి తెలిసే దారి లేదు. నాకూ లేదు. తలకు పంచితే సుమారు 10,300 రూపాయలు, అయిదుగురున్న ఇంటికి దాదాపు 51,600. ఈ రూపంలో చెప్పాక ఆ ఇంటామె అడగవలసిన ప్రశ్న దానంతటదే వస్తుంది: ‘మా ఇంటి పేరు మీద యాభై వేలు పెట్టారు సరే, కొళాయి రోజుకు ఎన్ని గంటలు వస్తుంది?’ ప్రచారశాఖలు కోట్లలోనే ఉండిపోవడానికి బహుశా ఇదే కారణం. పెద్ద అంకె ప్రశ్నను పుట్టనివ్వదు.

ఉద్దానం దగ్గరే కథ చెప్పడంలోని పాపం కూడా కనపడుతుంది. ఒక రోగి ఫొటో, ఒక కంటతడి, ఒక సంస్థ లోగో. రోకియా ప్రయోగం ప్రకారం ఇది పనిచేస్తుంది. పనిచేస్తుంది కాబట్టే అందరూ చేస్తారు. కొబ్బరి, జీడి, పనస తోటల ఉద్దానం, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పడగొట్టిన చెట్ల చోట మళ్ళీ మొక్కలు పెట్టుకున్న ఉద్దానం, బయటివాళ్ళ దృష్టిలో ఒక్క జబ్బు పేరుగా మిగిలిపోతుంది. రోగి ఫొటో వేసే ముందు ఆ మనిషిని అడిగారా, ఆ కరపత్రం ఎక్కడెక్కడ పంచుతారో చెప్పారా, ఆ ఇంట్లో పిల్లకు పెళ్ళి సంబంధాలు చూస్తున్నారేమో ఆలోచించారా అన్న మూడు ప్రశ్నలు ఏ సంస్థ ప్రచార విభాగంలోనైనా గోడకు అంటించి ఉండాలి. పేరు మార్చి, ముఖం చూపకుండా కూడా కథ చెప్పవచ్చు. లుబ్ధావధాన్లు పేరుతో ఊళ్ళో నిజంగా ఎవరూ లేకపోయినా, విజయనగరం ప్రేక్షకులు అతన్ని గుర్తుపట్టకుండా ఉండి ఉండరు.

వ్యవస్థాపకుడి కథ గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు, అది అందరికీ కంఠతా వచ్చిన మూస. రాజాంలో 1978లో జనపనార మిల్లుతో మొదలైన జీఎంఆర్ సంస్థ 2008లో హైదరాబాద్ శంషాబాద్ విమానాశ్రయాన్నీ, 2010లో ఢిల్లీ మూడో టెర్మినల్‌నూ తెరిచింది. జనపనార నుంచి విమానాశ్రయానికి ముప్ఫై ఏళ్ళు. ఆ రెండు కొసలూ పక్కపక్కన పెడితే చాలు, కథ తనంతట తనే నడుస్తుంది. ‘కృషి, పట్టుదల, దార్శనికత’ లాంటి మాటలు కలిపినకొద్దీ పలచబడుతుంది.

పొందూరు పంచె మీద ఒక చీటీ అతికించే అవకాశం నాకుంటే ఇలా రాస్తాను: ‘వంద నంబరు నూలు, ఇంగ్లిషు లెక్క. ఒక్క గ్రాము నూలు పొడవు 169 మీటర్లు. వాలుగ చేప దవడతో దువ్వి, ఒంటి కదురు రాట్నం మీద చేత్తో వడికినది. ఈ పంచె తూకం ఇన్ని గ్రాములు.’ మిగతా గుణకారం కొన్నవాళ్ళు ఇంటికెళ్ళి చేసుకుంటారు, చేసుకుని పక్కింటివాళ్ళకు చెబుతారు. గాంధీజీ పేరు అక్కర్లేదు.

చీటీ మీద ఇంకో వరస కూడా పెడతాను: పంచె ధరలో వడికిన మనిషికి ఎంత, నేసిన మనిషికి ఎంత. ఖాదీ, చేనేత ప్రచార సామగ్రి అంతటిలోనూ రాట్నం ముందు కూర్చున్న ముసలమ్మ ఫొటో ఉంటుంది, ఆమె కూలి అంకె ఉండదు. బుర్రకథలో హాస్యగాడైతే మొదట అడిగేది దాన్నే.